పోచంపల్లి అనే మాట ఖరీదెంత?

భూదాన్ పోచంపల్లిలో చీరల కొట్టు నడిపే మామ, హైదరాబాద్‌లో సెర్చ్ ప్రకటనల పని చేసే మేనకోడలు. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్ల తగవు మాత్రం కల్పితం కాదు. సరుకును ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి చిన్న కొట్టులో ఇవాళ అది ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. నలుగురూ వెతికే మాట మీద డబ్బు పెట్టాలా, నాలుగు డబ్బులు మిగిల్చే మాట మీద పెట్టాలా? మామ కొట్టుకు వెబ్‌సైట్ కట్టారు, గూగుల్‌లో ప్రకటన వేశారు. నెల తిరిగేసరికి బిల్లు వచ్చింది.

మామ: పదిహేను వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ. పోయినవి రెండు చీరలు. గా పైసలు పెడితే ఇంకో రెండు చీరలు నేయిస్తుంటి బిడ్డా. నేను చెప్పిన మాటల తప్పేమున్నది? ‘పోచంపల్లి చీరలు’ అన్న. మన ఊరి పేరు, మన సరుకు పేరు. ఇంతకన్న మంచి మాట ఉంటదా?

మేనకోడలు: మాట మంచిదే మామా. అది ఎవరి నోటి నుంచి వస్తోందో చూడాలి కదా. ఇగో, ఇది సెర్చ్ టర్మ్స్ రిపోర్టు. మనం ఎంచుకున్నది కీవర్డు. జనం నిజంగా టైపు చేసింది సెర్చ్ టర్మ్. మన ప్రకటన నొక్కినవాళ్లు ఏం వెతుకుతూ వచ్చారో చదువుతా విను. ‘పోచంపల్లి బస్ టైమింగ్స్’. ‘పోచంపల్లి చీర 500 లోపు’. ‘పోచంపల్లి బ్లౌజ్ డిజైన్స్ ఫొటోలు’. ‘భూదాన్ ఉద్యమం ఎప్పుడు మొదలైంది’. ‘పోచంపల్లిలో చూడదగిన ప్రదేశాలు’. ‘ఇక్కత్ కర్టెన్స్’. ‘లక్ష్మీ ఆసు యంత్రం ఎవరు కనిపెట్టారు’.

మామ: మల్లేశం కనిపెట్టిండు, పద్మశ్రీ సుత ఇచ్చిండ్రు. గది అడిగెటోడు చీరెందుకు కొంటడు?

మేనకోడలు: కొనడు. పోటీ పరీక్షకు చదువుకుంటున్నాడు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి మన ఊళ్లో నూరెకరాలు ఇచ్చాడన్నది ఆ పిల్లలకు కంఠతా రావలసిన ముక్క. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మనది ఉత్తమ పర్యాటక గ్రామమంది. అప్పటి నుంచి ఆదివారం ఎటు పోదామా అని చూసేవాళ్లు కూడా ఊరి పేరే కొడుతున్నారు. వాళ్లలో చాలామంది మన ప్రకటన వైపు చూడరు. పొరపాటున నొక్కిన కొద్దిమందికి మాత్రం కట్టింది మనమే.

మామ: నేను చీరలు అన్న కదా. బస్సు అన్నోనికి చూపెట్టుమని నేను చెప్పిన్నా?

మేనకోడలు: చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. మాటను ఉత్తగా రాసి వదిలేస్తే బ్రాడ్ మ్యాచ్ కింద పడుతుంది. దానికి దగ్గరదని గూగుల్‌కు తోచిన ప్రతి వెతుకులాటకూ మన ప్రకటన పోతుంది. కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఫ్రేజ్ మ్యాచ్, చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ మ్యాచ్. ఎగ్జాక్ట్ అన్నా ఇప్పుడు అచ్చంగా ఆ మాటే కాదు, అదే అర్థమనుకున్న వేరే మాటలకూ చూపిస్తున్నారు. అందుకని నెగటివ్ కీవర్డులు పెట్టాలి. బస్, టైమింగ్స్, ఫొటోలు, ఉద్యమం, ప్రింట్, కర్టెన్, జాబ్స్... ఈ మాటలుంటే మా ప్రకటన వద్దు అని. ఇవాళ రాత్రికి పెట్టేస్తా.

మామ: మంచిది. చెత్త ఊడువు. మాట మాత్రం నాది ఉండనియ్యి.

మేనకోడలు: ఊడ్చినా ఆ మాట మనకు గిట్టుబాటు కాదేమోనని నా అనుమానం.

మామ: నువ్వు చదువుకున్న లెక్క అది. నా లెక్క విను. బస్టాండు ముందల కొట్టుకు కిరాయి ఎక్కువ, గల్లీల తక్కువ. కిరాయి తక్కువని గల్లీల కూసుంటే బస్సు దిగినోళ్లందరు ముందల కొట్టుకే పోతరు. ముందల ఎవడుంటడు? మిల్లు గుడ్డ మీద మన డిజైన్ అచ్చేసి పోచంపల్లి అని అమ్మెటోడు. నువ్వు ఆ మాట ఇడిస్తే మన ఊరి పేరు వానికి రాసిచ్చినట్టే.

మేనకోడలు: కిరాయి నెలకొకసారి కడతావు, ఎంతమంది వచ్చినా అంతే. ఇక్కడ గడప తొక్కిన ప్రతి మనిషికీ వేరే కడుతున్నావు. వాడు చీరలన్నీ విప్పించి చూసి లేచిపోయినా సరే. ఇంతకీ పదివేల పట్టుచీర మీద నీకేం మిగులుతుంది? పట్టు, రంగు, కూలి, కొరియర్, తిరిగొచ్చిన వాటి నష్టం అన్నీ పోను?

మామ: మంచిగ నడిస్తే రెండు వేలు.

మేనకోడలు: నూరు మంది వస్తే ఒకరు కొంటారనుకుందాం. రెండు వేలను నూటితో భాగిస్తే ఇరవై. అంటే మనిషికి ఇరవై కడితే లాభం లేదు, నష్టం లేదు. పది కడితే సగం మిగులుతుంది. నూటికి ముగ్గురు కొనే మాట దొరికితే దాని హద్దు అరవై, అప్పుడు ముప్పై కట్టినా ఖరీదనిపించదు. మరి మనకేమైంది? మనిషికి పది చొప్పున పదిహేను వందల మంది వచ్చారు. రెండు చీరలకు నాలుగు వేలు మిగిలింది. అంటే వచ్చిన మనిషి మనకు మూడు రూపాయలు కూడా చేయలేదు, మనం పది పోశాం. ‘పోచంపల్లి చీరలు’ పది రూపాయలకు ఖరీదు, ఇంకో మాట ముప్పైకి చవక కావచ్చు. మామూలుగా జనం కీవర్డ్ ప్లానర్ తెరిచి, నెలకు ఎంతమంది వెతికారో ఆ అంకె చూసి నోరూరించుకుంటారు. మన లాగ తక్కువ ఖర్చు పెట్టే ఖాతాలకు ఆ అంకె కూడా సరిగ్గా ఇవ్వరు, వంద నుంచి వెయ్యి అని పెద్ద అంతరం చూపిస్తారు. పక్కన పోటీ ఎక్కువ, తక్కువ అని ఉండేది ప్రకటనలిచ్చేవాళ్ల పోటీ మాత్రమే. కొనేవాళ్ల ఉత్సాహం అందులో ఉండదు.

మామ: గీ పది రూపాయలని ధర కట్టిందెవరు? గూగులోడా?

మేనకోడలు: ఎవరూ కట్టలేదు, వేలంలో తేలింది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మాటలను వేలం వేయడం గూగుల్ పుట్టించింది కాదు. కాలిఫోర్నియాలో బిల్ గ్రాస్ అనే వ్యాపారి 1998లో గోటు అనే సెర్చ్ సైట్‌లో దీన్ని మొదలుపెట్టాడు. ఏ మాటకు ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల లింకు పైన, నొక్కితేనే డబ్బు. ఎవరెంత పాడారో వెతికేవాళ్లకు కూడా కనిపించేది. డబ్బిచ్చినవాడిని పైన కూర్చోబెట్టడమేమిటని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ కంపెనీ 2001లో ఓవర్చర్ అయింది, 2003లో యాహూ కొనేసింది. గూగుల్ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ ప్రారంభించినప్పుడు ప్రకటనదారులు 350 మంది. వెయ్యిసార్లు చూపించినందుకు ఇంత అని వసూలు చేసేది. క్లిక్కుకింత అనే వేలానికి మారింది 2002లో. అయితే ఒక మెలిక పెట్టింది. ఎంత పాడారన్నదే కాదు, మీ ప్రకటనను జనం ఎంతగా నొక్కుతున్నారన్నది కూడా కలిపి చూసి వరుస తేల్చింది. ఇవాళ గూగుల్ యాడ్స్ పేరుతో నడుస్తున్నది ఆ మెలికకు పెరిగిన రూపమే. ఇక మళ్లీ వాళ్ల మాటల్లోకి పోదాం.

మేనకోడలు: మన పాటను, మన ప్రకటన నాణ్యతను కలిపి ర్యాంకు వేస్తారు. వెతికిన మాటకూ ప్రకటన రాతకూ పొంతన ఉందా, నొక్కాక తెరుచుకునే పేజీలో అడిగిందే ఉందా అని చూస్తారు. ఉంటే తక్కువ పాడినవాడు కూడా పైకి పోతాడు. కట్టేది కూడా మనం పాడినంతా కాదు, మన కిందివాడిని దాటడానికి కావలసినంతే. మన పేజీ చూడు మామా. పట్టు, కాటన్, దుపట్టాలు, బెడ్‌షీట్లు అన్నీ ఒక్క పేజీలోనే కుప్ప పోశాం. ఏ మాటతో వచ్చినా అక్కడికే దిగుతున్నారు.

మామ: అది సదురుకుంటం. నాకు ఇంకో అనుమానం ఉన్నది. వేలమైతే, ఎక్కువ మిగిలెటోడే ఎక్కువ పాడుతడు కదా? పెద్ద పెద్ద బట్టల కంపెనీలున్నయి. ఒక్కసారి వచ్చిన మనిషి పదేండ్లు వాని దగ్గరనే కొంటడు. వాడు ఇయ్యాల నష్టానికి పాడినా వానికి నడుస్తది. మరి నేను?

మేనకోడలు: అసలు సంగతికి వచ్చావు! అమెరికాలో మెసోథెలియోమా అని ఆస్బెస్టాస్ పీల్చిన వాళ్లకు వచ్చే క్యాన్సర్ ఉంది. ఆ మాట మీద లాయర్లు ఒక్క క్లిక్కుకు వంద డాలర్లకు పైనే కట్టిన రోజులున్నాయి. ఒక్క కేసు దొరికితే వాళ్లకు వచ్చేది అంత పెద్ద మొత్తం. అందరికీ కనబడే మాటలో లాభం ఎంతుందో అందరూ లెక్కేస్తారు, ఆ లాభం అంచుదాకా పాడేస్తారు. చివరికి అందులోంచి మిగిలేది వేలం పెట్టినవాడికే. మనలాంటి కొట్టుకు మిగలాలంటే, ఆ మాట విలువ మనకు తెలిసి ఎదుటివాడికి తెలియకుండా ఉండాలి.

మామ: గసుంటి మాట నీ డబ్బాల దొరుకుతదా?

మేనకోడలు: దొరకదు. అదే డబ్బా వాడి దగ్గరా ఉంది. నీ దగ్గర దొరకాలి. ముప్పై ఏళ్లుగా కొట్టులో కూర్చున్నావు. వచ్చినవాళ్లు ఏమని అడుగుతారు?

మామ: ఏమని అడుగుతరు... పట్టు, నూలు కలిపి నేసే సీకో చీర చూపెట్టుమంటరు. పట్టు ఉండాలె, బరువు ఉండొద్దు, ఆఫీసుకు కట్టుకోవాలె అంటరు. కొందరు ‘రాజ్‌కోట్’ అంటరు, గుజరాత్ పటోలా తీరుగ ఉండాలె గని అక్కడి పటన్ ధర వద్దు. ఢిల్లీ, బెంగళూరు నుంచి వచ్చెటోళ్లు నూనె పట్టించిన దారంతోని నేసే తేలియా రుమాల్ అడుగుతరు, వాళ్లకు ధర చెప్తే మారు మాట్లాడరు. పెండ్లి పిల్ల తల్లి వచ్చి ఎరుపు అంచుతోని తెలుపు కావాలెనంటది. ముసలోళ్లు తొమ్మిది గజాలు ఉన్నదా అంటరు. అమెరికా పిల్లలు వీడియో కాల్ చేసి ‘డబుల్ ఇక్కత్‌యేనా, సింగిలా’ అని, అంటే పడుగు, పేక రెండిటికి రంగులద్దిండ్రా, ఒక్కదానికేనా అని అడుగుతరు. ఆ మాట అడిగినోళ్లు కొనకుండ ఫోన్ పెట్టరు.

మేనకోడలు: ఇదిగో, ఇవన్నీ రాసుకుంటున్నా. ‘డబుల్ ఇక్కత్ పట్టుచీర నేసినవారి దగ్గర’, ‘సీకో పోచంపల్లి చీర ఆఫీస్’, ‘తేలియా రుమాల్ చీర ఒరిజినల్’, ‘తొమ్మిది గజాల పోచంపల్లి’. పోచంపల్లికి జనం ఇంగ్లిషులో రాసే అక్షరక్రమాలు కూడా అన్నీ పోగేస్తా, ఎల్ ఒకటి, రెండు, చివర వై, ఐ. తెలుగు అక్షరాల్లోనూ వేద్దాం, ఆ వీలు గూగుల్ 2018లోనే ఇచ్చింది. పెద్ద కంపెనీలో ఈ పని చేసే పిల్లవాడికి సీకో అంటే ఏమిటో తెలియదు మామా.

మామ: ఆగు. ఈ సన్న మాటలు నెలకు ఎంతమంది కొడతరు?

మేనకోడలు: ఒక్కోటి పదిమందో ఇరవైమందో. కొన్నింటికి ప్లానర్ సున్నా అని చూపిస్తుంది. సున్నా అంటే ఎవరూ వెతకడం లేదని కాదు. రోజూ జరిగే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకు ముందెవరూ వెతకనివేనని గూగులే ఎన్నోసార్లు చెప్పింది. ఇట్లాంటి చిన్న గిరాకీలన్నీ కలిపితే పెద్దదానికి సాటి వస్తాయని 2004లో క్రిస్ ఆండర్సన్ వైర్డ్ పత్రికలో ‘లాంగ్ టెయిల్’ అని రాశాడు. మా వృత్తిలో ఇప్పటికీ ఆ పేరే వాడతాం.

మామ: పేరు మంచిదే. నా ప్రశ్న వేరే. నెలకు పదిమంది వచ్చే మాట మంచిదో చెడ్డదో నీకెప్పుడు తెలుస్తది? ఒక్కడు సుత కొనకపోతే తీసేస్తవా? వాళ్ల అదృష్టం బాగలేదేమో, నా అదృష్టం బాగలేదేమో.

మేనకోడలు: ...అది నిజమే. నూటికి ఒకరు కచ్చితంగా కొనే మాటే అనుకో. మొదటి నూరు క్లిక్కుల్లో ఒక్క చీర కూడా పోకపోవడానికి మూడో వంతు కంటే ఎక్కువ అవకాశం ఉంది. నెలకు పది క్లిక్కులంటే నూరు పూర్తయ్యేసరికి పది నెలలు.

మామ: గప్పటిదాక నేను కట్టుకుంట కూసోవాలె. నీకు జీతం వస్తది, నాకు నేతగాండ్లకు శనివారం కూలి ఇయ్యాలె.

(ఈ దెబ్బ సూటిగా తగిలింది. చిన్న మాటలే లాభమని పాఠాలు చెప్పేవాళ్లు ఈ ఇబ్బందిని ఎక్కువగా దాటవేస్తారు. లక్షల్లో ఖర్చుపెట్టే కంపెనీకి ఏ మాట పండిందో త్వరగా తెలిసిపోతుంది. చిన్న కొట్టుకు తెలిసేలోపు డబ్బులు అయిపోతాయి.)

మేనకోడలు: ఒక్కో మాటను విడిగా తూచకూడదు, నిజమే. ఉద్దేశాన్ని బట్టి గుంపు కడదాం. డబుల్ ఇక్కత్, సీకో అంటూ నేత రకం అడిగే మాటలన్నీ ఒక గుంపు, పెళ్లి మాటలు ఒక గుంపు, తేలియా ఒక్కటే విడిగా. మూడే గుంపులు, మూడే పేజీలు. లెక్క గుంపుకు చూద్దాం. రెండు వందల మాటలు వేసి కూర్చోవడం వద్దు.

మామ: ఇప్పుడు అర్థమైతున్నది. ఇంకోటి చెప్పు. బిల్లుల మన కొట్టు పేరు మీద సుత పదిహేను వందలు పడ్డయి. నా పేరు కొట్టినోడు నా దగ్గరకే వస్తుండె కదా? నడుమ గూగులోనికి ఎందుకు ఇయ్యాలె?

మేనకోడలు: బ్రాండ్ కీవర్డు అంటారు. క్లిక్కు చవక, వచ్చినవాళ్లు ఎక్కువగా కొంటారు. రిపోర్టులో చాలా బాగా కనిపిస్తుంది.

మామ: రిపోర్టుల కనిపిస్తది. నా చేతికేమొచ్చె?

మేనకోడలు: నిన్ను సమర్థించే పెద్ద సాక్ష్యమే ఉంది మామా. 2012లో ఈబే కంపెనీ అమెరికాలో యాహూ, మైక్రోసాఫ్ట్ సెర్చ్‌లలో తన పేరున్న మాటల మీద ప్రకటనలు ఆపేసి చూసింది. అట్లా పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం కింద ఉచితంగా కనిపించే లింకు మీదుగా తిరిగి దాని దగ్గరికే వచ్చాయి. అక్కడి ఆర్థికవేత్తలు బ్లేక్, నోస్కో, టడేలిస్ దాని మీద రాసిన పరిశోధన 2015లో ఎకనోమెట్రికాలో వచ్చింది. పేరు లేని మామూలు మాటల మీద కూడా చూశారు. కొత్తవాళ్ల విషయంలో ప్రకటన పనిచేసింది. ఎప్పుడూ కొనేవాళ్ల మీద పెట్టిన డబ్బు వృథా అయింది, వాళ్లు ఎట్లాగూ వచ్చేవాళ్లే.

మామ: సూడు మరి. అంత పెద్ద కంపెనీ చెప్పింది నేను బుర్రతోని చెప్పిన.

మేనకోడలు: ఈబే అంటే ఎవరికీ చెప్పనక్కర్లేదు. నీ పేరు మీద పక్క కొట్టువాడు పాట పాడితే? పాడొచ్చు కూడా. ఒకరి ట్రేడ్‌మార్కును ఇంకొకరు కీవర్డుగా వాడుకున్నంత మాత్రాన ఉల్లంఘన అయిపోదనీ, కొనేవాడు పొరబడితే అప్పుడు తప్పనీ ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో గూగుల్, డీఆర్ఎస్ లాజిస్టిక్స్ కేసులో చెప్పింది. తాను మధ్యలో ఉత్త దారి మాత్రమేనన్న గూగుల్ వాదననూ ఆ కోర్టు ఒప్పుకోలేదు.

మామ: పాడినప్పుడు చూద్దాం. ఇప్పుడు నా పేరు మీద ఎవడు పాడుతుండు?

మేనకోడలు: ఎవరూ లేరు. సరే, ఆపేస్తా. నెలకోసారి నువ్వే పేరు కొట్టి చూడు, పైన వేరేవాళ్లు కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి.

మామ: ఫోనంటే యాదికొచ్చింది. నువ్వు రెండు చీరలే అంటున్నవు కదా, ఆ ఫోన్ల సంగతేంది? వెబ్‌సైట్ల నంబరు చూసి వీడియో కాల్ చేసిండ్రు. మొన్న కెనడా ఆమె నాలుగు చీరలు తీయించి చూసి ఒకటి పట్టుకున్నది. పైసలు ఫోన్‌పేల ఆమె తమ్ముడు ఏసిండు. ఇసుంటియి ఇంకో రెండున్నయి. ఖాతా పుస్తకంల రాసి పెట్టిన.

మేనకోడలు: మూడు! అవి నా రిపోర్టులో లేవు. వెబ్‌సైట్‌లో డబ్బు కట్టినవాళ్లనే అది లెక్కపెడుతుంది.

మామ: అంటే ఐదు చీరలు, పదివేలు. జీఎస్టీ పక్కన పెడితే ఇంకా ఐదువేలు లాసే గని, నువ్వు చెప్పినంత లాసు కాదు.

మేనకోడలు: అంతేకాదు మామా. ఇప్పుడు అందరూ మాట ఎంపిక కూడా మిషన్‌కే వదిలేస్తున్నారు. పర్ఫార్మెన్స్ మ్యాక్స్ అని 2021లో గూగుల్ తెచ్చింది, అందులో మనం కీవర్డులు ఇవ్వనక్కర్లేదు, అదే వెతుక్కుంటుంది. అది నేర్చుకునేది మనం ‘అమ్మకం’ అని చూపించినదాన్ని బట్టి. మనం రెండే చూపిస్తే ఆ రెండింటి లాంటి మనుషుల కోసమే పోతుంది. ఫోన్ మీద కొన్న ముగ్గురూ దాని దృష్టిలో వట్టి చేతులతో పోయినవాళ్లు. ఆ ముగ్గురూ ఏం వెతికి వచ్చారో అడిగావా?

మామ: కెనడా ఆమెను అడిగిన. ‘అసలు పోచంపల్లి ప్రింటు నుంచి ఎట్ల గుర్తుపట్టాలె’ అని చూస్తుంటే మనది వచ్చిందన్నది.

మేనకోడలు: కొనుగోలు మాట కాదది! దాని మీద నేనైతే ఒక్క రూపాయి పెట్టేదాన్ని కాదు. తెలుసుకోవడానికి వచ్చే మాటలు ఖర్చు దండగ అంటాం మేము.

మామ: పదివేలు పెట్టెటోడు మోసపోతనని భయపడుతడు. భయం పోగొట్టినోని దగ్గర కొంటడు. ఆమెకు నేను చీర తిరగేసి చూపెట్టిన. నేత అయితే రెండు దిక్కులు ఒక్కతీరుగ కనిపిస్తది, ప్రింటు అయితే వెనుక పాలిపోతది. పువ్వు అంచులు చూడుమన్న, కొంచెం చెదిరినట్టుంటయి. దారం కట్టి రంగులద్దినంక నేస్తే అంచు గీత గీసినట్టు రాదు. ప్రింటులనే గీత గీసినట్టుంటది. ఆమె వెంటనే కొన్నది.

మేనకోడలు: ఈ మాటలే నువ్వు వీడియోలో చెప్పి పేజీలో పెడదాం. ప్రకటన వెయ్యకుండా, మామూలు ఫలితాల్లో పైకి వచ్చేలాగ. అయితే ఆ దారి కూడా ఇదివరకటిలా లేదు. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ పైనే ఏఐతో జవాబు రాసి ఇస్తోంది, చాలామంది అది చదివి కిందికి రారు.

మామ: చదువుకోని పోయెటోడు పోనీ. చీర తిరగేసి చూపెట్టేది ఆ ఏఐ చెయ్యదు కదా.

మేనకోడలు: సరే, అట్లనే చేద్దాం. పెద్ద మాట ఒక్కటి మిగిలింది. ‘పోచంపల్లి చీరలు’ ఆపేద్దామా?

మామ: ఆపొద్దు.

మేనకోడలు: మామా!

మామ: ప్రింటోని సంగతి నేను ఒప్పుకోను బిడ్డా. ఊరి సరుకుకు ఇచ్చే జీఐ గుర్తింపు మన నేతకు ఇచ్చిండ్రు, వాని మిల్లుకు కాదు. ఆ మాట మీద మనం కనిపియ్యాలె. లాభం రాకున్నా నష్టం గాకుండ చూడు.

మేనకోడలు: అట్లా అయితే ఒక షరతు. ప్రకటన మొదటి వరసలోనే ‘మగ్గం మీద నేసినవి, రూ. 8,500 నుంచి’ అని రాస్తా. అయిదు వందల చీర కావలసినవాడు అది చదివి నొక్కడు, నొక్కనిదానికి మనం కట్టం. పాట ఆరు రూపాయలు దాటనివ్వను. శ్రావణంలో, దసరాకు అందరూ ఎగబడి పాడుతారు, అప్పుడు ఆ మాట కొన్నాళ్లు ఆపుతా, నువ్వు అలగొద్దు. మిగిలిన డబ్బంతా మన మూడు గుంపులకు. ఫోన్ మీద పోయిన ప్రతి చీర నాకు ఆ రాత్రికే వాట్సాప్‌లో పెట్టాలి, ఏం వెతికి వచ్చారో అడిగి మరీ.

మామ: పెడుత. నాదీ ఒక షరతు. ఈ ఖాతా ఎవరి పేరు మీదున్నది?

మేనకోడలు: నా ఆఫీసు ఈమెయిల్ మీద.

మామ: నా పేరు మీదికి మార్చు. నువ్వు రేపు బెంగళూరు పోతవు, ఇంకో కంపెనీల చేరుతవు. ఏ మాటకు ఏమైందో ఆ లెక్కలన్ని నా కొట్టువి.

ఈ కడపటి షరతును నేనైతే మొదటి షరతు చేస్తాను. ప్రకటనల పని బయటివాళ్లకు అప్పజెప్పిన కొట్టువాళ్లు చాలామందికి నెల నెలా రంగురంగుల గీతలున్న ఒక పీడీఎఫ్ వస్తుంది తప్ప ఖాతా లోపలేముందో కనిపించదు. పనిచేసేవాళ్లు మారితే ఏళ్ల తరబడి డబ్బు పోసి నేర్చుకున్నదంతా వాళ్లతోనే పోతుంది. అయ్యా, అమ్మా, ఖాతా మీ ఈమెయిల్ మీద తెరిపించుకోండి, పనిచేసేవాళ్లకు అందులో అనుమతి మాత్రం ఇవ్వండి. సెర్చ్ టర్మ్స్ రిపోర్టును నెలకొకసారి పక్కన కూర్చుని పైనుంచి కిందిదాకా చదివించుకోండి. మీ కొట్టులో వినపడని మాట అందులో ఏది కనిపించినా, దానికి డబ్బెందుకు కట్టామని అక్కడే అడగండి.